జెల్ స్కానర్: మోటారు మార్చే ముందు వెలుతురును, స్లిట్‌ను చూడండి

ప్రశ్న: కూమాసీ బ్లూ అనే నీలి రంగు వేసిన ప్రోటీన్ జెళ్లను (ప్రోటీన్లను బ్యాండ్లనే గీతలుగా విడదీసిన మెత్తని పలకలను) స్కాన్ చేయడానికి ల్యాబ్‌లో సొంతంగా ఒక పరికరం కట్టుకున్నాను. నెమా 17 స్టెప్పర్ మోటారు, 8 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు నడిచే దూరం) ఉన్న టీ8 స్క్రూ, 1/16 మైక్రోస్టెప్‌లో (ఒక్కో స్టెప్పును పదహారు ముక్కలు చేసి) మోటారును నడిపే ఏ4988 డ్రైవరు, ఆర్డినో ఊనో కంట్రోలరు బోర్డు వాడాను. జెల్ కింద తెల్ల ఎల్‌ఈడీ, పైన 1 మి.మీ. రంధ్రం, దాని వెనక ఫొటోట్రాన్సిస్టర్. అది నేరుగా ఊనో అనలాగ్ పిన్నుకు వెళ్తుంది. మూడు ఇబ్బందులు వస్తున్నాయి. ముందుకు నడిపి తీసిన గ్రాఫుకూ వెనక్కి నడిపి తీసిన గ్రాఫుకూ 0.3 మి.మీ. తేడా ఉంటోంది. బేస్‌లైన్ (బ్యాండ్లు లేని చోట గ్రాఫు గీత) ప్రతి 8 మి.మీ.కు ఒకసారి అలలా లేచి పడుతోంది. దట్టమైన బ్యాండ్లన్నీ అబ్జార్బెన్స్ (కాంతి ఎంత తగ్గిందో లాగ్‌లో చెప్పే కొలత: పదో వంతే దాటితే 1, నూరో వంతే దాటితే 2) 1.3 దగ్గర ఒకే ఎత్తులో ఆగిపోతున్నాయి. బాల్ స్క్రూ (నట్టులో బాల్స్ ఉండి, లూజు తక్కువగా నడిచే స్క్రూ), 1/256 మైక్రోస్టెప్ డ్రైవరు కొంటే ఇవన్నీ పోతాయా?

సమాధానం: ఆ రెండూ ఇప్పుడు కొనకండి. మీరు చెప్పిన వాటిలో మొదటి రెండూ యంత్రభాగాల వల్ల వచ్చినవే, కానీ బాల్ స్క్రూ లేకుండానే సరిపోతాయి. మూడోదానికి మోటారుతో సంబంధమే లేదు. మీ లెక్కలను అసలు పాడుచేస్తున్నది ఆ మూడోదే.

కదలిక లెక్క ఒకసారి వేసి చూడండి. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, 1/16లో 3200. స్క్రూ ఒక చుట్టుకు 8 మి.మీ. నడుస్తుంది కాబట్టి ఒక్కో మైక్రోస్టెప్‌కు 2.5 మైక్రాన్లు. మీ రంధ్రం 1000 మైక్రాన్లు. అంటే ఒక్కో రీడింగులో మీరు చూస్తున్న జెల్ ముక్క మోటారు వేసే అడుగుకు 400 రెట్లు పెద్దది. ఆ అడుగును ఇంకో పదహారు ముక్కలు చేసినా గ్రాఫులో ఏమీ మారదు. పైగా ఒక్క 1/16 మైక్రోస్టెప్ కదపడానికి మోటారుకు దొరికే బలం దాని హోల్డింగ్ టార్క్‌లో (ఆగి ఉన్నప్పుడు పట్టి ఉంచే గరిష్ఠ బలంలో) పదో వంతు. 1/256లో అది వెయ్యికి ఆరు వంతులే. నట్టు దగ్గర రాపిడి అంతకు మించి ఉంటే రోటరు (మోటారులో తిరిగే భాగం) కొన్ని పల్సుల పాటు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. మైక్రోస్టెప్పుల వల్ల నడక మెత్తబడుతుంది గానీ కచ్చితత్వం పెరగదు.

అందుకే మూడో ఇబ్బందితో మొదలుపెడదాం. కూమాసీ పట్టిన బ్యాండు నీలంగా కనిపిస్తోందంటే అది నీలి కాంతిని వదిలేస్తోందని అర్థం. అది పీల్చుకునేది 590 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న నారింజ కాంతిని. తెల్ల ఎల్‌ఈడీలో 450 దగ్గర బలమైన నీలి కాంతి ఉంటుంది. బ్యాండు ఎంత దట్టంగా ఉన్నా ఆ నీలంలో కొంత దాటి వచ్చేస్తుంది. సెన్సరుకు రంగు తెలియదు, వచ్చిందంతా కలిపి లెక్కేస్తుంది. ఇలా బ్యాండుతో పని లేకుండా దాటే కాంతి మొత్తంలో 5 శాతం ఉంటే చాలు, అబ్జార్బెన్స్ 1.3 దాటి చూపడం ఇక సాధ్యం కాదు. మీ గ్రాఫు ఆగింది సరిగ్గా అక్కడే. తెల్ల ఎల్‌ఈడీ తీసేసి 590–595 నానోమీటర్ల ఆంబర్ ఎల్‌ఈడీ పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఎల్‌ఈడీకి కరెంటు స్థిరంగా ఉండాలి. 12 వోల్టుల నుంచి ఎల్‌ఎం317 రెగ్యులేటరును కరెంట్ సోర్సుగా కట్టి 62 ఓముల రెసిస్టరు పెడితే 20 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. వెలుతురు తగ్గించాలనుకుంటే రెసిస్టరు మార్చండి. ఊనో పీడబ్ల్యూఎంతో మాత్రం తగ్గించకండి. అది సెకనుకు దాదాపు 490 సార్లు ఎల్‌ఈడీని ఆర్పి వెలిగిస్తుంది, ఆ మిణుకు రీడింగుల్లోకి చేరుతుంది. ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ కాంతి కాస్త తగ్గుతుంది కాబట్టి స్కానుకు 20 నిమిషాల ముందే వెలిగించి ఉంచండి. వీలుంటే ఎల్‌ఈడీ పక్కనే ఇంకో ఫొటోడయోడ్ పెట్టి, ప్రతి రీడింగునూ దాని రీడింగుతో భాగించండి. అప్పుడు ఎల్‌ఈడీలో వచ్చే మార్పు లెక్కలోంచి దానంతటదే పోతుంది.

తర్వాతి దోషం ఆ 1 మి.మీ. రంధ్రం. సెన్సరు సగటు కట్టేది కాంతిని, అబ్జార్బెన్స్‌ను కాదు. రంధ్రం కింద సగం ఖాళీ జెల్, సగం అబ్జార్బెన్స్ 2 ఉన్న బ్యాండు వచ్చాయనుకోండి. నిజానికి సగటు 1 రావాలి. కానీ దాటిన కాంతి ఖాళీ సగంలో నూరు శాతం, బ్యాండు సగంలో ఒక శాతం, సగటున 50.5 శాతం. లాగ్ తీస్తే వచ్చేది 0.3. సన్నని దట్టమైన బ్యాండు ప్రతి అంచులోనూ ఇలా కోత పడుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దాన్ని తిరిగి రాబట్టలేరు. కాంతి దాటే ఈ సందు, అంటే స్లిట్, సన్నగా ఉండాలనేది గ్రాఫు అందం కోసం కాదు, ప్రోటీన్ పరిమాణం సరిగ్గా రావడం కోసం.

స్లిట్‌కు రెండు షేవింగ్ బ్లేడ్లు సరిపోతాయి. నల్లరంగు వేసిన పలకలో 3 మి.మీ. పొడవున్న సందు కోసి, దాని మీద రెండు బ్లేడ్ల పదునైన అంచులను ఎదురెదురుగా పెట్టండి. మధ్యలో 0.1 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకు (సందులు కొలిచే పల్చని స్టీలు రేకు) ఉంచి, బ్లేడ్లను దానికి మెల్లగా ఆనించి ఎపాక్సీతో అతికించి, గట్టిపడ్డాక ఆకు లాగేయండి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో భూతద్దంతో చూడండి. స్లిట్ పొడవు జెల్ నడిచే దిశకు అడ్డంగా, బ్యాండుకు సమాంతరంగా ఉండాలి. సాధారణ మినీజెల్‌లో లేన్ (ఒక శాంపిల్ నడిచే పట్టీ) 4–5 మి.మీ. వెడల్పు ఉంటుంది. అందులో నడిమి 3 మి.మీ. మాత్రమే చూస్తే అంచుల్లో వంగిన బ్యాండ్ల గొడవ ఉండదు.

స్లిట్ ఎంత సన్నగా ఉన్నా జెల్‌కు దూరంగా ఉంటే లాభం లేదు. కాంతి 5 డిగ్రీలు అటూ ఇటూ చెదురుతూ వస్తే, 1.5 మి.మీ. దూరంలోనే రెండు వైపులా 0.13 మి.మీ. చొప్పున మసకబారుతుంది. అంటే మీ స్లిట్ వెడల్పు కంటే ఎక్కువ. అందుకని సెన్సరు వైపు స్లిట్‌ను జెల్ ఉపరితలానికి అర మిల్లీమీటరు దగ్గరకు దించండి. జెల్ కింద, గాజుకు దిగువన 0.2 మి.మీ. స్లిట్ ఇంకొకటి పెట్టండి. ఎల్‌ఈడీని దానికి 60–80 మి.మీ. కిందకు దింపి, మధ్యలో నల్ల గొట్టం బిగించండి. రెండు స్లిట్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కింది పలకను కదిపి బిగించే వీలుంచుకుని, సెన్సరు రీడింగు గరిష్ఠంగా ఉన్న చోట బిగించండి.

పక్కదారిన వచ్చే కాంతి సంగతీ ఇంతే. ఒక శాతం చొరబడితే నిజంగా 2 ఉన్న బ్యాండు 1.7 చూపుతుంది. వెయ్యిలో ఒక వంతు చొరబడితే 1.96. గొట్టం లోపల, పలకల అడుగున మాట్ నల్లరంగు వేయండి. మొత్తాన్ని మూతతో కప్పండి. డ్రైవరు బోర్డు మీద, ఊనో మీద వెలిగే చిన్న లైట్లు కూడా పెట్టె లోపల ఉండకూడదు. పరీక్ష తేలికే: జెల్ బదులు నల్లని లోహపు రేకు పెట్టి, ఎల్‌ఈడీ వెలుగుతుండగా రీడింగు చూడండి. అది ఎల్‌ఈడీ ఆర్పినప్పటి రీడింగుతో సమానంగా రావాలి. రాకపోతే ఎక్కడో సందు ఉంది.

ఇక సెన్సరు. ఫొటోట్రాన్సిస్టర్ కాంతికి సరిసమానంగా స్పందించదు, దాన్ని వదిలేయండి. బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్‌కు రైల్-టు-రైల్ (అవుట్‌పుట్ సప్లయ్ అంచుల దగ్గరిదాకా వెళ్లే) ఆప్‌ఆంప్‌తో ట్రాన్స్‌ఇంపీడెన్స్ ఆంప్లిఫయర్ (కరెంటును వోల్టేజిగా మార్చేది) కట్టండి. ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు 2.2 మెగా ఓములు, దానికి సమాంతరంగా 1 నానోఫారడ్ కెపాసిటరు. ఖాళీ జెల్ మీద 2 నుంచి 2.5 వోల్టులు వచ్చేలా రెసిస్టరు విలువ సర్దుకోండి. ఒకే సప్లయ్ మీద నడిచే ఆప్‌ఆంప్ అవుట్‌పుట్ నిజమైన సున్నాకు దిగదు, కొన్ని మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతుంది. దట్టమైన బ్యాండ్ల సమాచారమంతా ఉండేది ఆ కొన్ని మిల్లీవోల్టుల్లోనే. కాబట్టి ప్లస్ ఇన్‌పుట్‌ను గ్రౌండుకు కాకుండా 0.2 వోల్టుల స్థిర వోల్టేజికి కలపండి. చీకటి రీడింగు అప్పుడు 0.2 దగ్గర శుభ్రంగా వస్తుంది, దాన్ని తర్వాత తీసివేస్తారు. ఇదంతా కట్టలేమనుకుంటే ఓపీటీ101 అనే చిప్పులో ఫొటోడయోడూ ఆంప్లిఫయరూ కలిసే వస్తాయి.

ఊనోలో వోల్టేజిని అంకెగా మార్చే పది బిట్ల కన్వర్టరు ఈ పనికి చాలదు. 5 వోల్టులకు 1024 మెట్లు, అంటే మెట్టుకు దాదాపు 5 మిల్లీవోల్టులు. ఖాళీ జెల్‌కు 2.2 వోల్టులు వస్తే అబ్జార్బెన్స్ 2 దగ్గర మిగిలేది 22 మిల్లీవోల్టులు, నాలుగైదు మెట్లు. అబ్జార్బెన్స్ 3 దగ్గర అర మెట్టు కూడా ఉండదు. ఏడీఎస్1115 అనే పదహారు బిట్ల కన్వర్టరును 4.096 వోల్టుల రేంజిలో పెడితే మెట్టుకు 0.125 మిల్లీవోల్టులు. 2 దగ్గర 176 మెట్లు, 3 దగ్గర పదిహేడో పద్దెనిమిదో దొరుకుతాయి. దాని వేగాన్ని సెకనుకు 860 రీడింగులకు పెట్టి, 100 మిల్లీసెకన్ల పాటు తీసిన వాటికి సగటు కట్టండి. కరెంటు లైను 50 హెర్ట్జ్ అయినా 60 అయినా ఆ వ్యవధిలో పూర్తి చుట్లే పడతాయి కాబట్టి లైను మోత సగటులో పోతుంది.

ఇప్పుడు 8 మి.మీ. అల. మీ స్క్రూ ఒక చుట్టుకు నడిచే దూరం సరిగ్గా అదే. వంగిన స్క్రూ తిరిగినప్పుడల్లా స్టేజిని (జెల్‌ను మోస్తూ కదిలే బల్లను) పక్కకూ పైకీ నెడుతోంది, దాంతో జెల్‌కూ స్లిట్‌కూ మధ్య దూరం మారుతోంది. నిర్ధారణ కోసం జెల్ లేకుండా ఉత్త గాజును రెండు వేర్వేరు వేగాలతో స్కాన్ చేయండి. అలల మధ్య దూరం మారకపోతే దోషం స్క్రూలోనో రైలులోనో ఉంది. వేగంతో పాటు మారితే అది కరెంటుదో, ఎల్‌ఈడీ మిణుకుదో.

స్క్రూను నిటారు చేయడానికి తంటాలు పడకండి. స్టేజిని మోసి, దారి తప్పకుండా నడపడం రైలు పని. వెనక నుంచి నెట్టడం స్క్రూ పని. ఈ రెండు పనులనూ విడదీయాలి. స్టేజిని ఎంజీఎన్12 లీనియర్ రైలు మీద, దాని వెంట జారే పొడవు రకం క్యారేజికి బిగించండి. నట్టును స్టేజికి బిగించవద్దు. నట్టును ఒక చిన్న దిమ్మెలో కూర్చోబెట్టి, దిమ్మె ముందువైపు 6 మి.మీ. స్టీలు బాల్ ఒకటి అతికించండి. స్టేజి నుంచి కిందకు దిగే పలకకు, బాల్ తగిలే చోట గట్టి స్టీలు ముక్క అంటించండి. బాల్ ఆ ముక్కను నెడుతుందంతే, పట్టుకోదు. స్టేజిని బాల్ వైపు లాగి ఉంచడానికి దారం కట్టి పుల్లీ మీదుగా 400 గ్రాముల బరువు వేలాడదీయండి. స్ప్రింగైతే సాగే కొద్దీ బలం మారుతుంది, బరువుతో ఆ బాధ లేదు. నట్టు తనతో తాను తిరిగిపోకుండా దిమ్మెకు ఒక పిన్ను పెట్టి, పక్కనున్న పట్టీ వెంట జారనివ్వండి. స్క్రూ ఇప్పుడు ఎంత ఊగినా బాల్ స్టీలు ముక్క మీద పక్కకు జారుతుందే తప్ప స్టేజి ఊగదు. ఆ ముక్క మాత్రం నడక దిశకు లంబంగా ఉండాలి. ఒక డిగ్రీ వాలినా, స్క్రూ 0.2 మి.మీ. ఊగితే వచ్చే దోషం 3.5 మైక్రాన్లే.

ఈ ఏర్పాటుతో మీ 0.3 మి.మీ. తేడా కూడా చాలావరకు పోతుంది. అది నట్టు మరల్లో ఉన్న లూజు. దిశ మారినప్పుడల్లా స్క్రూ ఆ లూజు తీరేదాకా ఉత్తినే తిరుగుతుంది. వేలాడే బరువు మరలను ఎప్పుడూ ఒకే వైపు ఆనించి ఉంచుతుంది. అయినా కొలత ఒకే దిశలో, బాల్ నెట్టే దిశలోనే తీయండి. వెనక్కి వచ్చేటప్పుడు మొదలు చోటును 2 మి.మీ. దాటి పోయి, మళ్లీ ముందుకు వచ్చి మొదలుపెట్టాలి. ముందుకూ వెనక్కూ రెండు స్కాన్లు తీసి సగటు కడితే బ్యాండు వెడల్పవుతుంది, అలా చేయవద్దు.

స్క్రూ మార్చాలనుకుంటే బాల్ స్క్రూ కాదు, 2 మి.మీ. లీడ్ ఉన్న ఒంటి మర టీ8 తీసుకోండి. పూర్తి స్టెప్పుకే 10 మైక్రాన్లు వస్తుంది. మోటారు ఆపినా బరువు లాగుడుకు వెనక్కి తిరగదు. 1/4 మైక్రోస్టెప్ పెడితే మిల్లీమీటరుకు 400 పల్సులు, నడక మెత్తగా ఉంటుంది. మోటారుకూ స్క్రూకూ మధ్య పెట్టే చీలికల కప్లింగు పొడవునా స్ప్రింగులా సాగుతుంది కాబట్టి నెట్టే బలం దాని మీద పడనివ్వకండి. స్క్రూను మోటారు వైపు బేరింగులో రెండు కాలర్లతో బిగించి, రెండో కొనను వదిలేయండి. రెండు కొనలూ బిగిస్తే వంగిన స్క్రూ చుట్టుకోసారి బిగుసుకుపోతుంది.

ఏ4988 చాలు. మోటారు సప్లయ్ పిన్నుల దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టండి. పవర్ ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవరు కాలిపోతుంది. బోర్డు మీది సెన్స్ రెసిస్టరు (మోటారు కరెంటును కొలిచేది) 0.1 ఓమ్ అయితే, రెఫరెన్స్ వోల్టేజి 0.8 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ వస్తుంది. బోర్డును బట్టి ఆ రెసిస్టరు మారుతుంది, దాని మీద రాసింది చదివి లెక్క వేసుకోండి. ఈ తేలికపాటి స్టేజికి 0.5–0.6 ఆంపియర్లు సరిపోతాయి. ఎక్కువిస్తే మోటారు వేడి లోహపు పలకల గుండా జెల్ దాకా పాకి దాన్ని ఎండబెడుతుంది. స్కాన్ మధ్యలో ఎనేబుల్ పిన్నుతో మోటారును ఆపకండి, రోటరు పక్క స్థానానికి జరిగిపోతుంది. మోటారు వైర్లనూ ఫొటోడయోడ్ వైర్లనూ పక్కపక్కన నడపవద్దు. రెండు గ్రౌండులూ సప్లయ్ దగ్గర ఒక్క చోటే కలవాలి.

హోమ్ స్విచ్‌గా మైక్రోస్విచ్ బదులు సందున్న ఆప్టికల్ సెన్సరు పెట్టండి. వేగంగా వెళ్లి తగిలాక 2 మి.మీ. వెనక్కి తీసి, సెకనుకు అర మిల్లీమీటరు వేగంతో మళ్లీ తాకించి, ఆ చోటును సున్నాగా తీసుకోండి.

స్కాన్ ఆగి ఆగి నడవాలి. 50 మైక్రాన్లు జరిపి, 20 మిల్లీసెకన్లు ఆగి, 100 మిల్లీసెకన్లు చదివి, మళ్లీ జరపండి. ఆ 20 ఎందుకంటే పైన చెప్పిన రెసిస్టరు, కెపాసిటరుల టైమ్ కాన్‌స్టెంట్ (సిగ్నల్ ఎంత త్వరగా మారగలదో చెప్పే కాలం) 2.2 మిల్లీసెకన్లు. ఖాళీ చోటు నుంచి దట్టమైన బ్యాండు మీదకు వచ్చినప్పుడు సిగ్నల్ వెయ్యో వంతుకు దిగడానికి దాదాపు 15 మిల్లీసెకన్లు పడుతుంది. తొందరపడితే ప్రతి బ్యాండుకూ ఒకవైపు తోక మొలుస్తుంది. 60 మి.మీ. లేన్‌కు 1200 చోట్లు, రెండున్నర మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రతిసారీ మూడు స్కాన్లు కావాలి: ఎల్‌ఈడీ ఆర్పి చీకటిది, అదే జెల్‌లో ప్రోటీన్ వేయని లేన్‌ది, అసలు లేన్‌ది. చీకటి రీడింగును మిగతా రెండింటిలోంచీ తీసివేసి, లేన్ విలువను ఖాళీ లేన్‌లోని అదే చోటు విలువతో భాగించి, లాగ్ తీసి గుర్తు మార్చండి. గాజు మీది మరకలు ఒక్కో లేన్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటికి గాజు తుడవడమే మార్గం.

జెల్ విషయంలో జరిగే పొరపాట్లే ఎక్కువ. అదనపు రంగును కడిగే డీస్టెయిన్ ద్రావణంలోని మిథనాల్ జెల్‌ను కుంచింపజేస్తుంది, నీళ్లు ఉబ్బిస్తాయి. నీళ్లలో ఉంచి, జెల్ సైజు మారడం ఆగాకే స్కాన్ చేయండి. ఎసిటిక్ ఆమ్లం కడగకుండా పెడితే ఆ చుక్కలు రైలును తుప్పు పట్టిస్తాయి. స్టేజి చుట్టూ చిన్న గట్టు కూడా ఉంచండి. గాజు మీద పల్చగా నీళ్లు పోసి, జెల్‌ను ఒక అంచు నుంచి మెల్లగా దించి, బుడగలను తడి వేలితో బయటకు తోయండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పితే అంచులు ఎండి పైకి లేవవు. లేన్ నడక దిశకు ఒక్క డిగ్రీ వాలినా 60 మి.మీ. చివరికొచ్చేసరికి స్లిట్ 1 మి.మీ. పక్కకు పోతుంది. గాజు మీద సన్నని గీత గీసుకుని జెల్ అంచును దానికి ఆనించండి. స్కానుకు ముందు లేన్ మొదట్లోనూ చివర్లోనూ స్లిట్ ఎక్కడుందో కంటితో చూసుకోండి.

దూరం సరిచూడటానికి గీతలున్న గాజు స్కేలును స్కాన్ చేసి, 60 మి.మీ.లో ఎన్ని పల్సులు పట్టాయో లెక్కించండి. అబ్జార్బెన్స్‌కు 21 మెట్ల ఫొటోగ్రాఫిక్ స్టెప్ టాబ్లెట్ (మెట్టు మెట్టుకూ నల్లదనం పెరిగే ఫిల్ము ముక్క) మంచిది, మెట్టుకు సుమారు 0.15 చొప్పున పెరుగుతూ 3 దాకా వెళ్తుంది. దాని మీద ఇచ్చే విలువలు చెదిరిన కాంతితో కొలిచినవి. సన్నని కిరణంతో చూసే మీ పరికరంలో కాస్త ఎక్కువ రావచ్చు. గ్రాఫు సరళరేఖగా ఉందా, ఎక్కడ వంగుతోంది అన్నదే చూడండి. వంపు మొదలైన చోటే మీ పరికరం హద్దు.

పరికరం సరళంగా కొలిచినా కూమాసీ రంగు ప్రోటీన్‌తో పాటు చివరిదాకా సరళంగా పెరగదు. ప్రతి జెల్‌లోనూ బీఎస్‌ఏ (పోలిక కోసం తెలిసిన పరిమాణంలో వేసే ప్రోటీన్) 0.25, 0.5, 1, 2 మైక్రోగ్రాములు నాలుగు లేన్లలో వేసి, ఆ నాలుగింటితో గ్రాఫు గీత గీసి, మీ శాంపిల్‌ను ఆ గీతతోనే పోల్చండి. నిన్నటి జెల్ గీత ఇవాళ్టి జెల్‌కు పనికిరాదు, డీస్టెయిన్ ఎంతసేపు చేశారన్నదాన్ని బట్టి అది మారుతుంది. బ్యాండు గీత వంగే ప్రాంతంలో పడితే శాంపిల్‌ను సగానికి పలుచన చేసి మళ్లీ జెల్ నడపండి. సిల్వర్ స్టెయిన్ జెళ్లయితే ఈ సరళత ఇంకా తక్కువ, ఒక్కో ప్రోటీన్‌కు రంగు ఒక్కోలా పడుతుంది. వాటిని ఈ పరికరంలో పెట్టి బ్యాండు స్థానం కొలుచుకోవచ్చు గానీ పరిమాణం లెక్కకట్టవద్దు.